బండబల్ల మీది చోటు

ఆంధ్రప్రదేశ ప్రభుత్వ పర్యాటక శాఖామాత్యులవారికి బహిరంగ లేఖ

ప్రొద్దుటూరు, కడప జిల్లా

అమాత్యవర్యా,

గండికోటకు వచ్చిన యాత్రికుడు, పెన్నానది ఎఱ్ఱని కొండబండలను నిలువునా కోసికొనుచు పోయిన ఆ లోయయంచున కొంతసేపు నివ్వెఱపడి నిలిచి, మాధవరాయాలయమును, రంగనాథాలయమును, జామియా మసీదును చూచి, తుదకు ధాన్యాగారములోనికి ఒక్కమారు తొంగిచూచి, లోపల చల్లగా నున్నదని మెచ్చుకొని మరలిపోవును. ఆ దుర్గమున నున్న కట్టడములన్నిటిలో నన్ను ఎక్కువసేపు నిలువబెట్టునది ఆ ధాన్యాగారమే. విజయనగర ప్రభువుల పక్షమున పెమ్మసాని నాయకులు ఆ కోటను ఏలిన దినములలోనైనను, గోలకొండ సేనానియగు మీర్ జుమ్లా దానిని గెలిచికొనిన పిమ్మట 1652వ సంవత్సరమున ఫ్రెంచి వజ్రవర్తకుడు తావెర్నియే ఆతనిని దర్శించుటకు అచ్చటికి వచ్చిన దినములలోనైనను, ఆ కోట ముట్టడికి ఎన్నినాళ్ళు ఓర్వగలదో తేల్చునది ఆ కొట్టులోని గింజయే. ఆ గింజను పండించి బండ్లకెత్తిన రైతును తలచుకొనువారు అప్పుడును అరుదు, ఇప్పుడును అరుదు.

కోట దిగి పదునైదు కిలోమీటర్ల దూరమున నున్న జమ్మలమడుగు చేరగానే యాత్రికుడు మొట్టమొదట అడుగు ప్రశ్న, ‘ఇచ్చట భోజనము ఎక్కడ బాగుండును?’ అనునదే. ఈ ప్రశ్నకు ప్రభుత్వమువారును ఒక సమాధానమును సిద్ధపఱచుచున్నారని వినుచున్నాము. 2024వ సంవత్సరాంతమున కేంద్రప్రభుత్వము గండికోట పర్యాటకాభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసిన నాటినుండి, ఇచ్చటికి విడిదులు వచ్చును, విహారశాలలు వచ్చును, నక్షత్రములు గల హోటళ్ళు వచ్చును అను మాట మా బస్సుస్టాండులలో టీ గ్లాసులతోపాటు చేతులు మారుచున్నది. రానిండు, నేను వలదనను. అయితే ఆ హోటళ్ళకు పునాదులు తీయుటకు ముందు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో ఏ పథకమును ఎఱుగకయే రైతునకును కూలివానికిని తరతరములుగా అన్నము పెట్టుచు వచ్చిన చిన్న హోటళ్ళను గూర్చి తమతో కొంత మనవి చేసికొనవలెనని ఈ లేఖ వ్రాయుచున్నాను. నా మనవి ఒక్క వాక్యములో ఇమిడిపోవును: యాత్రికుడు వచ్చి రైతు ప్రక్కన కూర్చుండవలెను, రైతును లేపి ఆ చోట కూర్చుండరాదు.

ఈ హోటళ్ళను గూర్చి మాటలాడువారు సాధారణముగా ‘చవుక’ యను మాటను వాడుదురు. నాకు ఆ మాట నచ్చదు. చవుకయనగా వెల తగ్గుటతోపాటు విలువయు తగ్గినట్లు ధ్వనించును. రైతు తన పంటను గూర్చి చెప్పునప్పుడు వాడు ‘గిట్టుబాటు’ అను మాట ఇంతకంటె న్యాయమైనది. పంటకు గిట్టుబాటు ధర యున్నట్లే అన్నమునకును గిట్టుబాటు ధర యొకటి కలదు. అది వండి పెట్టువానికిని గిట్టవలెను, తిని లేచువానికిని గిట్టవలెను. దీనిని కొలుచుట కష్టమని తాము అనవచ్చును గాని, కొలపాత్రను ప్రభుత్వమువారే మనకు ఇచ్చియున్నారు. గ్రామీణ ఉపాధి హామీ పథకము క్రింద మన రాష్ట్రమున 2025-26వ సంవత్సరమునకు నిర్ణయింపబడిన దినకూలి 307 రూపాయలు. ఉదయపు ఫలహారము, మధ్యాహ్న భోజనము, రెండు మారులు టీ, వీనియన్నిటికిని కలిపి ఆ కూలిలో మూడవ వంతు మించినచో, ఆ హోటలు వంట యెంత కమ్మనిదైనను, అది ఈ ఊరిలో నున్నదే గాని ఈ ఊరిది కాదని నా నిశ్చితాభిప్రాయము.

వెలయిచ్చి అన్నము తినుట మనకు ఆంగ్లేయులు నేర్పిన విద్య యని తలచువారు కలరు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమును చదివినవారికి ఆ భ్రమ యుండదు. ఓరుగల్లులోని యొక పూటకూటి యింట ఒక్క రూకకు లభించు భోజనమును ఆ కవి కప్పురభోగి బియ్యపు అన్నము మొదలుకొని గడ్డపెరుగు వఱకు వరుసగా పేర్కొని, వడ్డించువారి పేరును, వెలను కూడ ఒక్క పద్యముననే ఇమిడ్చి చెప్పెను. నేడు మా హోటళ్ళ గోడలపై సున్నముతో వ్రాయు ధరలపట్టికకు ఆదికవి ఆతడే యనవచ్చును. తరువాతి కాలమున, 1830లో మదరాసు నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కడప మీదుగా అహోబిలము వైపు సాగిపోవుచు, దిగిన ప్రతి మజిలీలోను అంగళ్ళు కలవో లేవో, ఏ పదార్థములు దొరకునో, ఏవి దొరకవో శ్రద్ధతో వ్రాసికొనిరి. నైజాము ప్రభువు 1800లో కుంపిణీవారికి దత్తము చేయుటచేత దత్తమండలమని పిలువబడుచుండిన ఈ సీమకు రాయలసీమ యను పేరు 1928లో గాని రాలేదు. ఏ పేరున పిలిచినను, ఈ దారిని పోవు బాటసారి మొదట వెదకునది అన్నమే. ఆతనికి ముందుగా అన్నము దొరకవలసినది మాత్రము ఆ దారి ప్రక్క పొలమును దున్నువానికి.

ఇక మా మూడు ఊళ్ళను చూడుడు. పెన్న యొడ్డున నున్న ప్రొద్దుటూరును పెద్దలు రెండవ బొంబాయి యందురు. బంగారమునకును, వస్త్రములకును పేరుపొందిన ఊరిది. దసరాకు అమ్మవారిశాలలో కన్యకాపరమేశ్వరి అలంకారములను చూచుటకు జిల్లా యంతయు కదలివచ్చు ఊరిది. అగస్త్యేశ్వరుని గుడిలో ప్రదక్షిణములు చేయుచునే పుట్టపర్తి నారాయణాచార్యులవారు శివతాండవమును కూర్చిరని నేటికిని గర్వముతో చెప్పుకొను ఊరిది. పెండ్లి నిశ్చయమైన రైతు కుటుంబము పదిమందిగా తరలివచ్చి, ఉదయమెల్ల పుస్తెలకును, గొలుసులకును, పట్టుచీరలకును బేరమాడి, అప్పుడు వీధి చివర నున్న చిన్న హోటలులో కూర్చుండి, దోసెకు క్రిందటి మారుకంటె ఐదు రూపాయలు ఎక్కువైనదని ముచ్చటించుకొనును. లక్షలు పెట్టి నగలు కొన్నవారికి ఐదు రూపాయల చింత యేల యని నగరవాసి నవ్వవచ్చును. బంగారమునకు పెట్టిన డబ్బు ఇంటిలోనే యుండును, కరవు వచ్చిన యేట తాకట్టుకైనను పనికివచ్చును. తిండికి పెట్టిన డబ్బు మరల చేతికి రాదు. ఈ లెక్క తెలిసిన రైతునకు అన్నము పెట్టు హోటలువాడు వెల పెంచుటకు ముందు పదిమార్లు ఆలోచించి తీరవలెను.

ఆ హోటలులో వారు తిను కారందోసెను తాము రుచి చూచియే యుందురు. ఎండుమిరపకాయలను నానవేసి, ఎఱ్ఱగడ్డలు, తెల్లగడ్డలు, ఉప్పు చేర్చి మెత్తగా రుబ్బిన ఎఱ్ఱకారమును, పెనముపై దోసె సగము కాలినంతనే దానిపై పూసి, మీద పప్పులపొడి చల్లి, అంచుల వెంట నేయియో నూనెయో జారవిడిచి, కరకరలాడునట్లు కాల్చి, చెనిక్కాయల చట్నీతో ఇత్తురు. మొదటి తునకకు కన్నులు చెమర్చును. రెండవ తునకకు చేయి ఆగదు. దానికి తోబుట్టువు ఉగ్గాని. బొరుగులను నీటిలో ముంచి తీసి, చేతితో పిండి, ఎఱ్ఱగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసిన తాలింపులో కలిపి, పప్పులపొడి చల్లి దింపినచో ఉగ్గాని సిద్ధమగును. ప్రక్కన మిరపకాయ బజ్జీలు. బొరుగులు బట్టీలో ముందుగనే వేగి వచ్చినవగుటచే పొయ్యి మీద వానికి పట్టు కాలము స్వల్పము, మండు ఇంధనము స్వల్పము. వేకువ బస్సుకు వచ్చి, తొమ్మిది గంటలకెల్ల అంగడిపని ముగించుకొని, ఎండ ముదురకముందే చేను చేరవలసిన రైతునకు ఇంతకంటె అనువైన ఫలహారమును ఏ పాకశాస్త్రజ్ఞుడును కల్పింపలేడు.

జమ్మలమడుగు నల్లరేగడి సీమ. శనగ, జొన్న, ప్రత్తి ఆ నేలకు ఇష్టమైన పైరులు. మట్టి క్రిందనో, కడప బండలని దేశమంతట పేరుపొందిన నల్లని నాపరాళ్ళు. ఆ ప్రాంతపు హోటలులో బల్లపై పఱచిన బండ కూడ ఆ నేల కడుపులోనుండి వచ్చినదే. తుడిచిన కొలదిని నునుపెక్కి, మిట్టమధ్యాహ్నమునను చేతికి చల్లగా తగులును. ఆ బండబల్లపైకి పండ్రెండు గంటలకు సంగటి వచ్చును. బియ్యమును మెత్తగా ఉడికించి, ఆ ఎసరులోనే రాగిపిండిని కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, పిమ్మట కట్టెతో ఉండలు కట్టకుండ కెలుకుట బలము గల చేతులు చేయవలసిన పని. తడిచేతితో చుట్టిన ఆ ముద్దను విస్తరిలో పెట్టి, నాటుకోడి పులుసో, పొట్టేటి కూరో పోయుదురు. మాంసము ముట్టనివారికి గోగాకు ఎనిపిన పప్పును, చెనిక్కాయల ఊరుబిండియు ఉండనే యున్నవి. సంగటిని నమలరు. మునివ్రేళ్ళతో తుంచి, పులుసులో అద్ది, మ్రింగుదురు. రాగులలో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదని పోషకాహార శాస్త్రజ్ఞులు చెప్పుదురు. బండలగనిలో సుత్తె పట్టువాడు ఆ లెక్కను ఎఱుగడు. ముద్ద తిని పోయినచో ప్రొద్దు గ్రుంకువఱకు ఆకలి తన జోలికి రాదని యెఱుగును.

ఈ సంగటి చరిత్రలో ఒక వింత మలుపు కలదు. మా చిన్ననాట వరియన్నము పండుగకును, పెండ్లికిని, జ్వరము తగిలినవానికిని వండునది. రాగియో, జొన్నయో, కొఱ్ఱయో దినదినపు కూడు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము రాగా, తెల్లని అన్నము పేదయింటి పొయ్యి మీదికి ఎక్కినది. అది మహోపకారమే, దానిని కాదనువాడు ఆకలి నెఱుగనివాడు. అయితే అన్నము ఎక్కిన కొలదిని సంగటి దిగుచు వచ్చి, చుట్టము వచ్చినప్పుడు దాచవలసిన వంటయై, నామోషీకి గుర్తైనది. ఇంటినుండి వెడలిన ఆ సంగటి హోటలులో ఆశ్రయము పొందినది. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించు నాటికి, పల్లెలో సిగ్గుపడి దాగిన వంట పట్టణములలో రంగుల బోర్డుపైకి ఎక్కి కూర్చున్నది. గౌరవము లభించినందులకు సంతోషమే. కాని గౌరవముతోపాటు వెలయు పెరిగి, సంగటి తిని పెరిగినవాడు సంగటి కొనలేని దినము వచ్చినచో, ఆ గౌరవమును మేమేమి చేసికొందుము?

పులివెందుల వైపు పోయినచో పైరులు మారును. మీరు బత్తాయి యను పండును మేము చీనీ యందుము. చీనీ తోటలును, అరటి తోటలును, వేరుసెనగ చేలును ఆ సీమ సంపద. బోరు నుండి సన్నని గొట్టములలో బొట్టుబొట్టుగా చెట్టు మొదటికి చేరు నీరు ఆ సంపదకు ఆధారము. నీటి బొట్టును లెక్కించి వాడు రైతు తన రూపాయిని లెక్కింపక వాడునా? కాయలు కోయువారు, గంపల కెత్తువారు, గెలలను లారీలో అరటాకుల నడుమ పేర్చువారు తెల్లవారక మునుపే పనిలోనికి దిగుదురు. వారి కొఱకు టీబంకులును, ఇడ్లీ బండ్లును అంతకంటె ముందుగా మేల్కొనును. అలసంద వడలు వేగు వాసన ఆ ఊరి సుప్రభాతము.

ఈ సందర్భమున ఒక ముచ్చట జ్ఞాపకము వచ్చుచున్నది. తెలుగువారికి వెండితెరపై ఎన్నడును కనివిని యెఱుగని భోజనమును చూపిన చిత్రము 1957 నాటి ‘మాయాబజార్’. దాని నిర్మాతలలో ఒకరైన బి. నాగిరెడ్డిగారు కడప జిల్లాలోని పొట్టిపాడున పుట్టి, ఉల్లిగడ్డలను విదేశములకు ఎగుమతి చేయు కుటుంబమున పెరిగినవారు. ఘటోత్కచుడు కూర్చున్న చోటనే గంపెడు గంపెడు వంటకములను ఆరగించుచుండగా చూచి కడుపుబ్బ నవ్విన మా రైతు, ఆట ముగియగానే ఇంటికి పోయి, తెల్లవారి సద్ది మూటతో చేనికి నడచినాడు. కలలోని విందు వేఱు, కడుపులోని ముద్ద వేఱు అని ఆతనికి ఎవ్వరును చెప్పవలసిన పని లేదు. పర్యాటకము కొంతవఱకు కలలమ్ము వ్యాపారము. అందుచేత తమకు ఈ భేదమును జ్ఞాపకము చేయుచున్నాను.

నేను క్రొత్తదనమునకు విరోధినని తాము భావింపవలదు. మా వంటకు ప్రాణమని మేము చెప్పుకొను మిరపకాయయే 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి వెంట సముద్రములు దాటి వచ్చినది. మా ఊరుబిండికి ఆధారమైన చెనిక్కాయయు దక్షిణామెరికాలో పుట్టినదే. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువు ననుసరించి అతిథులకు వడ్డించిన వంటకములను అంత మక్కువతో వర్ణించిన కృష్ణదేవరాయలవారు మా కారందోసెను చూచియుండినచో ఇదేమి వంటయని అడిగియుండెడివారు. అతిథులుగా వచ్చిన ఈ రెండును రైతు చేలో దిగి, రైతు రోటిలో నలిగి, గృహస్థులైనవి. వీనిచేత రైతునకు రాబడి కలిగినది, పేదవాని ముద్దకు రుచి కలిగినది. కావున రానున్న యాత్రికుని చూచి మేము భయపడము. ఆతడు కూడ మిరపకాయ వచ్చిన దారినే రావలెనని కోరుచున్నాము.

ఇంత స్వల్పమైన వెలకు ఈ హోటళ్ళవారు ఎట్లు పెట్టగలుగుచున్నారని నేను పలుమార్లు ఆలోచించితిని. ఇందు మంత్రమేమియు లేదు. ఉదయము రెండు మూడు వంటకములు, మధ్యాహ్నము రెండు కూరలు. చేసినది చేసినట్లు అమ్ముడగును, పాఱవేయునది యుండదు. వచ్చువాడు నేడు వచ్చి రేపు పోవు బాటసారి కాడు, ప్రతి సంతకును వచ్చువాడు. ఆతనిని ఒక్కనాడు మోసగించినచో ఊరంతయు పోవును. చేతిలో డబ్బు లేని నెలలో ఖాతా వ్రాయించుకొని, పంట అమ్మిన నెలలో తీర్చువారును కలరు. ఆ వడ్డీలేని అప్పు ఏ బ్యాంకు పుస్తకమునను కానరాదు. 19 కిలోల వాణిజ్య సిలిండరు వెల పెరిగిన నెలలో దోసె వెడల్పు కొంచెము తగ్గును గాని దాని వెల పెరుగదు. తినువాడు దానిని గమనించియు గమనింపనట్లు ఊరకుండును. ఇదియు ఒక విధమైన ఒడంబడికయే.

అయితే ఈ లెక్కలో వ్రాయబడని పద్దు ఒకటి కలదు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పిండి రుబ్బు ఇల్లాలికి జీతము లేదు. కళాశాలకు పోవుటకు ముందు బల్లలు తుడుచు కుమారునకు జీతము లేదు. మనము ఐదు రూపాయలు తక్కువయిచ్చి తిని లేచిన ప్రతిమారు, ఆ ఐదు రూపాయలను ఆ ఇల్లాలి నిద్రనుండి తీసికొనుచున్నామన్న మాట. తినువానికి గిట్టుచున్నది గాని పెట్టువానికి ఇంకను గిట్టుటలేదు. ప్రభుత్వపు చేయూత అవసరమగునది ఇచ్చటనే.

స్తోత్రపాఠము చేయుటకు నేను కలము పట్టలేదు గనుక లోపములను కూడ చెప్పుచున్నాను. బజ్జీలు వేగిన నూనెనే మరల మరల కాచుట కలదు. నూనె యెంత చెడినంతనే దానిని పాఱబోయవలెనో ఆహార భద్రతా సంస్థ 2018 నుండి నియమము విధించియున్నది గాని, ఆ నియమమును బండివానికి ఆతని భాషలో చెప్పినవారు లేరు. ఒకే తొట్టి నీటిలో ప్రొద్దుటినుండి గ్లాసులు కడుగుట కలదు. పొగలు గ్రక్కు పులుసును పలుచని ప్లాస్టికు సంచిలో పోసి కట్టియిచ్చుట కలదు. అన్నిటికంటె పెద్ద లోపము, పల్లెనుండి వచ్చిన ఆడకూలి నిశ్చింతగా కూర్చుండి తినుటకు చోటును, కాలకృత్యములు తీర్చుకొనుటకు మఱుగును లేకపోవుట. మగవారు బల్లపై కూర్చుండి తినుచుండగా, ఆమె పొట్లము కట్టించుకొని బస్సుస్టాండు గోడనీడకు పోవును. గిట్టుబాటు అన్నము అందఱికిని గిట్టినప్పుడు గదా దానిని గూర్చి మనము గర్వింపదగును!

ఇటీవల బంధువులతో కోట చూచి వచ్చుచు, రహదారి ప్రక్కన క్రొత్తగా వెలసిన యొక భోజనశాలలో ప్రవేశించితిమి. దాని పేరుతో తమకు పనిలేదు. లోపల చల్లదనము కలదు, గోడకు నాగలి వ్రేలాడదీసియున్నారు, మూలన ఒక ఎద్దుబండి చక్రము నిలిపియున్నారు. ధరలపట్టిక ఆంగ్లమున నున్నది. అందు మా సంగటికి ఎవ్వరో పెట్టిన ఆంగ్లనామమును గుర్తుపట్టుటకు నాకు కొంతసేపు పట్టినది. దాని వెల నేను పైన చెప్పిన దినకూలిలో సగమునకు పైబడినది. మేము తినుచుండగా ఇద్దఱు రైతులు, పంచెలు పైకి కట్టినవారు, కాళ్ళకు రేగడి అంటినవారు, అద్దపు తలుపు వఱకు వచ్చి, ఒక్క క్షణము లోనికి చూచి, వెనుదిరిగిరి. వారిని ఎవ్వరును పొమ్మనలేదు. వారి యింటి నాగలి వంటి నాగలి గోడమీద నుండగా, వారు మాత్రము గుమ్మము దాటలేకపోయిరి. ఆ ముద్ద నా గొంతు దిగుటకు నీరు త్రాగవలసివచ్చెను.

కావున తమకు నా విన్నపములు ఇవి. మార్గములను వెడల్పు చేయునప్పుడును, కూడళ్ళను అలంకరించునప్పుడును, సంతల చెంతను, బస్సుస్టాండుల చెంతను నున్న బండ్లను ఒక్క రాత్రిలో ఎత్తివేయింపకుడు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టము ప్రకారము పట్టణ విక్రయ సంఘములో నూటికి 40 మందికి తక్కువ కాకుండ వ్యాపారుల ప్రతినిధులును, అందు మూడవ వంతు స్త్రీలును ఉండవలెను. ఆ సంఘముల మాట విని, చోటు చూపిన పిదపనే కదలింపుడు. గండికోటకు వచ్చిన కోట్లలో కొంత భాగమును ఈ మూడు పట్టణములలో మంచినీటి కొళాయిలకును, చేతులు కడుగు తొట్లకును, స్త్రీలకు మఱుగుదొడ్లకును వెచ్చింపుడు. యాత్రికుడును వానినే వాడుకొనును గదా! పర్యాటక శాఖవారు అచ్చువేయు పటములలో కోటను, జలాశయమును, దేవాలయములను చూపినట్లే, పరిశుభ్రత పాటించు చిన్న హోటళ్ళను కూడ చూపుడు. అయితే ఆ గుర్తింపు పొందు హోటలు తన ధరలను తెలుగులో గోడమీద వ్రాయవలెననియు, ఊరివానికి ఒక వెల, యాత్రికునకు ఒక వెల పెట్టరాదనియు నియమము చేయుడు. ప్రభుత్వ సహాయముతో లేచు పెద్ద హోటళ్ళు తమకు కావలసిన రాగులను, జొన్నలను, చెనిక్కాయలను, చీనీలను, అరటిపండ్లను ఈ చుట్టుప్రక్కల రైతులయొద్దనే కొనవలెనని ఒప్పందమున వ్రాయింపుడు.

ఐదు రూపాయలకు భోజనము పెట్టు అన్న కాంటీనులు ఉండగా ఈ చిన్న హోటళ్ళను గూర్చి ఇంత ఆరాటమేల యని కొందఱు అడుగవచ్చును. 2018లో ఆరంభమై, నడుమ మూతపడి, 2024లో మరల తెఱవబడిన ఆ కాంటీనులు ఆకలి గొన్నవానికి ప్రభుత్వమిచ్చు అభయము. వానిని నేను నమస్కరించి స్వాగతించుచున్నాను. కాని ఆ మూతపడిన కాలమున కూలివానికి అన్నము పెట్టినదెవ్వరు? ఏ ఉత్తర్వును తెఱవని, ఏ ఉత్తర్వును మూయని ఈ చిన్న పొయ్యిలే. ప్రభుత్వములు మారినను ఆఱని పొయ్యిని కాపాడుకొనుట ప్రభుత్వమునకే మేలు.

చివరగా తమకొక ఆహ్వానము. శనగ కోతల కాలమున, ఏదైన యొక సంతనాడు, వాహనముల బారు లేకుండ జమ్మలమడుగుకు రండు. పండ్రెండున్నరకు ఏదో యొక సంగటి హోటలులోనికి నడచిపొండు. బల్లలు నిండియుండును, గోడకు ఆని కొంతసేపు నిలువవలసివచ్చును, నిలువుడు. చోటు దొరకినప్పుడు రైతు ప్రక్కన కూర్చుండి, ఆతడు తినునదే తిని, ఆతడు ఇచ్చునదే ఇయ్యుడు. ఆతడు తమను ఏ ఊరని అడుగును, వానలెట్లున్నవని అడుగును. తాము ఎవ్వరో చెప్పవలసిన పనిలేదు. తిన్న పిదప మాత్రము ఎక్కువసేపు కూర్చుండవలదు. తమ వెనుక, తలపాగ విప్పి చేతబట్టుకొని, తాము ఎప్పుడు లేతురా యని చూచుచు మఱియొకడు నిలిచియుండును. ఆ చోటు ఆతనిది.

ఇట్లు,
తమ విధేయుడు,
పెన్నాతీరమున బడిపంతులుగా పనిచేసి విరమించిన ఒక పౌరుడు